మూసిన మూత, వంగిన మామగారు

మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకునే వస్తువుగా బతికింది సోమవారం ఉదయం దాకానే. ఆ ఉదయం దాని మూత నేనే వేశాను. లోపల కీల మీద కుట్టుమిషను బాబిన్ ఒకటి పడి ఉందని చూసుకోలేదు. ఊరందరికీ చూపు సరిచేసే కళ్ళజోళ్ళ దుకాణం నాది. నా కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. అయినా బొటనవేలంత బాబిన్ కంటికి ఆనలేదు. టప్పుమంది. మూత ఎత్తి చూస్తే తెర నిండా సాలెగూడు.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ, మిషను మీద నుంచి తల ఎత్తకుండానే.

"ఏం లేదు. తెర కొంచెం విచ్చుకుంది."

"విచ్చుకోడానికి అదేమన్నా మొగ్గా?"

లేచి వచ్చి చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. పెదాల మధ్య పట్టుకున్న గుండుసూది తీసి, దాన్ని ఎక్కడ గుచ్చాలా అని ఒక్క క్షణం నా వంక చూసి, సూదుల డబ్బాలో పడేసింది.

ఆవిడ బాధ ల్యాప్‌టాప్ కోసం కాదు, అందులో ఉన్న కోటు కోసం. మామగారి టైలరింగ్ దుకాణం మూతపడి పదకొండేళ్ళు. అప్పటి నుంచి మా ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని ఇరుగుపొరుగుల ప్యాంట్లకి జిప్పులు మారుస్తోంది, గౌన్లకి అంచులు మడుస్తోంది, బొజ్జ పెంచినవాళ్ళ నడుములు వదులు చేస్తోంది. "నేను కుట్టేదేముందండీ, ఎవరో కుట్టింది విప్పడమేగా నా పని" అంటూ ఉండేది. ఇన్నాళ్ళకి బస్సు కంపెనీవాళ్ళు డ్రైవర్లకి కొత్త కోట్లు కుట్టించాలనుకుని ముగ్గురు దర్జీలను అడిగారు. ఆ ముగ్గురిలో మా ఆవిడ ఒకరు. కోటు కోత నమూనాని కంప్యూటర్లో గీసి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల్లోపు పంపాలి. వాళ్ళకి నచ్చితే డ్రైవర్లందరి వీపుల మీదా మా ఆవిడ పనితనమే. దుకాణం మళ్ళీ తెరవచ్చు. నచ్చకపోతే మళ్ళీ జిప్పులే.

తెరవాల్సిన దుకాణం సంగతి అలా ఉండగా, తెరిచినా ప్రయోజనం లేని మూత ఒకటి నేను తయారుచేసి పెట్టాను.

మా వీధి చివర ల్యాప్‌టాప్‌లు బాగుచేసే అతన్ని అందరూ 'స్క్రూ' అంటారు. అసలు పేరు అతనికే గుర్తు లేదని వినికిడి. ఆ సాలెగూడు చూసి పెదవి విరిచాడు.

"కొత్త తెర రావాలంటే రెండు వారాలు సార్."

"శుక్రవారం నాలుగింటికల్లా పని అయిపోవాలయ్యా."

"ఏ శుక్రవారం?"

"ఈ శుక్రవారమే."

"అయితే మూసేయండి."

"పనినా?"

"మూతని సార్. లోపల అన్నీ దివ్యంగా ఉన్నాయి, పోయింది మొహం ఒక్కటే. మూత వేసేసి, పెద్ద మానిటరు తగిలించి, విడిగా కీబోర్డూ మౌసూ పెట్టుకోండి. మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి ఇస్తాను. ఛార్జరు మాత్రం పీకొద్దు. మొహం చూపించదు కానీ గుర్రంలా పనిచేస్తుంది."

సర్కారు ఆఫీసులకి ఫోన్లు చేసీ చేసీ, మొహం చూపించని వాళ్ళని చాలామందినే చూశాను. మొహం చూపించకుండా పని కూడా చేసేదాన్ని చూడటం అదే మొదలు.

మంగళవారం ఉదయం కుట్టుగదిలో బల్ల మీద మానిటరు పెట్టాను. మామూలు మానిటరు కాదు, కిటికీ రెక్కంత ఉంది. దాని కాళ్ళ ముందు ల్యాప్‌టాప్‌ని మూతేసి పడుకోబెట్టాను. దాని ముందు కీబోర్డు, పక్కన మౌసు. మీట నొక్కగానే మా ఆవిడ కోటు తెర మీద ఆరేసిన దుప్పటిలా పరుచుకుంది.

"చూశావటోయ్! తెర తెరవకుండానే తెర! ఇక దీన్ని ల్యాప్‌టాప్ అనకూడదు. ఒడి లేదు కాబట్టి ల్యాపు పోయింది, మూత లేవదు కాబట్టి టాపూ పోయింది. మిగిలింది వట్టి..."

"ఏవండీ, మీ నోటికి కూడా మూత వేసి నడిపించే సెట్టింగ్ ఏదన్నా ఉందేమో ఆ స్క్రూని అడగకపోయారా?"

అయినా ఆవిడకి ఆ పెద్ద తెర నచ్చిందని నాకు తెలుసు. తెర మీద అంగుళం నిజంగా అంగుళమే ఉండేలా కొలత సరిచేసుకుంది. ఇప్పుడు కోటు చెయ్యి, దర్జీ భాషలో చెయ్యంటే చొక్కాకో కోటుకో ఉండే చెయ్యే, భుజం నుంచి మణికట్టు దాకా నిలువుగా అసలు కొలతలో కనిపిస్తోంది. వెంటనే వరండా వైపు తిరిగి కేకేసింది.

"నాన్నా! ఒకసారి రా. కోటు కోటంతే ఉంది!"

మామగారికి డెబ్బై నాలుగేళ్ళు. దుకాణం మూసేశాక ఆయన మా ఇంటికి మూడు వస్తువులతో వచ్చారు: ఒక కత్తెర, ఒక స్టూలు, మెడలో ఒక అయస్కాంతం. పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం అది, మధ్యలో చిల్లు ఉంటే నల్లతాడు కట్టి మెడలో వేసుకున్నారు. నేల మీద సూదులు రాలితే వంగి ఏరక్కర్లేదు, తాడు కిందికి వదిలితే చాలు, అవే ఎగిరొచ్చి అతుక్కుంటాయి. ముప్పై ఏళ్ళుగా అది ఆయన గుండెల మీద ముళ్ళపంది గెలుచుకున్న పతకంలా వేలాడుతూనే ఉంది. పెళ్ళిచూపుల్లో నేను మొదట చూసింది మా ఆవిడని కాదు, దాన్ని. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ దాన్ని చూసింది లేదు. ఆయనకి ముక్కు ఎలా ఉందో అదీ అలాగే ఉంది.

ఇంకో సంగతి. మామగారు టేపు పట్టరు. ఆయన జాన సరిగ్గా తొమ్మిది అంగుళాలు, బొటనవేలి వెడల్పు అంగుళం. ఏ కోత అయినా దాని మీద చెయ్యి పరిచి చూస్తేగానీ మాట్లాడరు. పాత తెర మీద కోటుని చూపిస్తే "దీన్ని ఎలక్కి తొడుగుతావా తల్లీ?" అని వెళ్ళిపోయేవారు. ఇప్పుడు మానిటరు ముందు నిలబడి కళ్ళు పెద్దవి చేశారు.

"అబ్బో! ఇది కదూ కోటంటే."

చంక కోత దగ్గర జాన పెట్టి కొలుద్దామని బల్ల మీదికి వంగారు. ఆయన చెయ్యి తెరకి తగలబోయేలోగా కోటు చెయ్యి మాయం. చెయ్యే కాదు, కాలరు, వీపు, జేబులు, అన్నీ మాయం. ఖాళీ నీలిరంగు మిగిలింది.

మామగారు ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డారు. కోటు తిరిగొచ్చింది.

మళ్ళీ వంగారు. మళ్ళీ పోయింది. లేచారు. వచ్చింది.

"నన్ను చూసి సిగ్గుపడుతోందా ఏమిటి అల్లుడూ?" అన్నారు ఆయన.

ఆ రోజు సాయంత్రం దాకా అదే తంతు. మా ఆవిడ వంగితే ఏమీ కాదు. నేను వంగితే ఏమీ కాదు. మామగారు వంగితే మాత్రం కోటు పరారు. ఆయన వంగినప్పుడల్లా మా ఆవిడ పని ఆగిపోతోంది, గీస్తున్న గీత సగంలో తెగిపోతోంది. నా సహనం అంతకంటే ముందే తెగిపోయింది. స్క్రూకి ఫోన్ చేశాను.

"మా మామగారు వంగితే తెర మీద బొమ్మ పోతోందయ్యా."

"ఆయన మూత ఎత్తుతున్నారా సార్?"

"వేలు కూడా తగిలించలేదు."

"మూత తెరిచారని అనుకుంటేనే సార్, అది బొమ్మని తన సొంత తెర మీదికి లాక్కుపోయేది. ఆ తెరేమో పగిలింది కదా, మీకు ఎక్కడా కనపడదు."

"మూత ఎవరూ ముట్టుకోలేదని చెబుతున్నానా?"

"అయితే నాకు తెలీదు సార్. మెషీనుకే గ్యారంటీ ఇచ్చాను, మామగారికి ఇవ్వలేదు."

బుధవారం పొద్దున్నే నేనే పరిశోధనకి దిగాను. అక్షరాల అట్ట ముందు మనుషుల్ని నిలబెట్టి "ఇప్పుడు కనిపిస్తోందా? ఇప్పుడు?" అని ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నవాణ్ణి, నాకిదొక లెక్కా? మామగారిని గుమ్మం దగ్గర నిలబెట్టాను.

"ఒక అడుగు ముందుకి రండి మామయ్యగారూ. కోటు ఉందా?"

"ఉంది."

"ఇంకో అడుగు. ఉందా?"

"ఉంది."

"వంగండి."

"పోయింది."

"ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని వంగండి."

"పోయింది."

"చెప్పులు వేసుకుని వంగండి. ఊపిరి బిగబట్టి వంగండి. కళ్ళు మూసుకుని వంగండి. ఇప్పుడు ఉందా?"

"కళ్ళు మూసుకుంటే నాకెలా తెలుస్తుందయ్యా?"

పదిహేను సార్లు వంగి లేచేసరికి ఆయన నడుం పట్టేసింది. నేను మాత్రం గొంతు సవరించుకుని నా తీర్పు చెప్పాను.

"మీ ఒంట్లో కరెంటు ఎక్కువుంది మామయ్యగారూ."

"డెబ్బై నాలుగేళ్ళ నుంచీ ఉందేమో మరి. ఇంతవరకూ ఒక్క బల్బూ వెలగలేదే!"

"నవ్వులాట కాదు. శుక్రవారం దాకా మీరు ఈ గడప దాటొద్దు. వరండాలోంచి చెప్పండి, అమ్మాయి గీస్తుంది."

ఆయన నా వంక చూశారు. తర్వాత తన కుడి చేతి వంక చూసుకున్నారు.

"ఈ చెయ్యి పడి పాడైన కోటు ఒక్కటీ లేదు అల్లుడూ" అని స్టూలు తీసుకుని వరండాలోకి వెళ్ళారు. మా ఆవిడ మిషను ఆ పూటంతా పళ్ళు నూరుతున్నట్టు నడిచింది.

గురువారం ఆవిడ నమూనా ప్రకారం పాత గుడ్డతో ఒక కోటు కుట్టి నాకు తొడిగింది. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి గుండ్రటి పళ్ళెం ఇచ్చి, "స్టీరింగ్ తిప్పండి" అంది. నేను నోటితో హారన్ కూడా మోగించి ఎడమ మలుపు తిప్పాను. వీపు దగ్గర పర్రున చిరిగింది.

"నాన్నా! వీపు పట్టేస్తోంది. ఏం చెయ్యను?"

"వదులు పెంచు తల్లీ" అన్నారు వరండాలోంచి.

"ఎక్కడ?"

"చంక పక్కన!"

"ఎంత?"

"కోత చూస్తే కదా చెప్పేది! కుట్టేశాక చూస్తే ఏం తెలుస్తుంది?"

తెర మీది కోతని ఫోన్లో ఫొటో తీసి పట్టుకెళ్ళి చూపించాను. ఆయన దాన్ని దగ్గరగా, దూరంగా, తలకిందులుగా చూశారు.

"ఇది కోటు చెయ్యా, ఏనుగు చెవా? దీని మీద నా జాన పెడితే ఫోను కూడా కనపడదు."

ఆవిడ తన ఊహకొద్దీ వదులు పెంచి, రాత్రి రెండో కోటు కత్తిరించి, శుక్రవారం మధ్యాహ్నానికి కుట్టింది. నేను దుకాణానికి సెలవు పెట్టేసి మళ్ళీ డ్రైవరునయ్యాను. పళ్ళెం పట్టుకుని చేతులు చాపానో లేదో, ముందువైపు గుడ్డ సంచిలా వేలాడింది, వీపు మాత్రం ఎప్పటిలాగే బిగుసుకుంది, కాలరు చెవుల దాకా ఎక్కి కూర్చుంది.

గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"అంత పెద్ద కాయితం మీద అచ్చు వేయించి నాన్నకి చూపిస్తే?" అంది ఆవిడ.

"ఆ దుకాణం ఊరి ఆ చివర ఉంది. వెళ్ళి వచ్చేసరికి అయిదవుతుంది."

"అయితే ఇక జిప్పులే" అంది ఆవిడ మెల్లిగా. అని మౌసు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ఊరికే ఉండగా నేను అంతకుముందు చూడలేదు.

నాకు దేని మీద కోపమొచ్చిందో తెలీదు, అన్నిటి మీదా వచ్చింది. ఆ కోటుని ఒంటి మీద నుంచి పీకి అవతలకి విసిరాను. అది వెళ్ళి సూదుల డబ్బాకి తగిలింది. గదంతా గలగల. నేల మీద, బల్ల మీద, ల్యాప్‌టాప్ మూత మీద, ఎక్కడ చూస్తే అక్కడ గుండుసూదులు.

ఆ చప్పుడు విని వరండాలోంచి గొంతు వినిపించింది.

"సూదులేనా? అమ్మాయి చెప్పుల్లేకుండా తిరుగుతుంది అల్లుడూ, వెంటనే ఎత్తెయ్యి."

"ఎత్తుతున్నా మామయ్యగారూ!" అన్నాను గుమ్మంలోకి వచ్చి, పళ్ళు బిగించి.

"చేత్తోనా? తెల్లారుతుంది. ఇలా రా." మెడలోంచి నల్లతాడు తీసి నా మెడలో వేశారు. ముప్పై ఏళ్ళలో అది ఆయన మెడ దిగడం అదే మొదటిసారి అనుకుంటాను. అది ఉన్నచోట చొక్కా మీద గుండ్రంగా రంగు తేడా ఉంది. "నేను లోపలికి రాకూడదుగా. నా బదులు దీన్ని తీసుకెళ్ళు."

తాడు వదిలితే నేల మీది సూదులన్నీ చకచకా అతుక్కున్నాయి. తర్వాత ల్యాప్‌టాప్ మూత మీద పడ్డవాటి కోసం బల్ల మీదికి వంగాను.

తెర మీద కోటు మాయమైంది.

"నేనేం చేయలేదు!" అన్నాను, వంగినవాణ్ణి వంగినట్టే ఉండి.

"అయితే మీకు కూడా కరెంటు వచ్చిందా?" అంది మా ఆవిడ.

లేచాను. కోటు వచ్చింది. వంగాను. పోయింది. ఆవిడ నా మొహం చూడలేదు, మెడ చూసింది. తాడు పట్టుకుని లాగితే నా తల కూడా దాంతోపాటు వచ్చింది. "తియ్యండి ముందు" అంది. తీశాను. ఆవిడ ఆ అయస్కాంతాన్ని వేళ్ళతో పట్టుకుని ల్యాప్‌టాప్ మూత మీదికి తెచ్చింది. కోటు పోయింది. అవతలికి తీసింది. వచ్చింది. ఇంకోసారి చేసి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

నేను గభాల్న స్క్రూకి ఫోన్ చేశాను, ఆ చూపు తప్పించుకోడానికే.

"అయస్కాంతమా?" అన్నాడు వాడు. "మూత వేసి ఉందో తెరిచి ఉందో అది తెలుసుకునేదే మూతలో ఉన్న చిన్న అయస్కాంతంతో సార్! పక్కకి ఇంకో పెద్దది తెస్తే లెక్క తప్పి, మూత తెరిచారనుకుంటుంది. ఈ ముక్క మొదటే చెప్పొద్దూ? కుట్టుగదిలో అలాంటివి ఉంటాయని నాకేం తెలుసు?"

ఫోన్ పెట్టేశాను. మా ఆవిడ చూపు ఇంకా అక్కడే ఉంది.

"మూడు రోజులు" అంది. "మా నాన్నని మూడు రోజులు వరండాలో కూర్చోబెట్టారు."

"నువ్వెళ్ళి పిలు..."

"పంపిందెవరు?"

గడియారం మూడున్నర. వరండాలోకి వెళ్ళాను. మామగారు వీధి వంక చూస్తూ కూర్చున్నారు. అలవాటుగా చెయ్యి గుండెల మీదికి వెళ్తోంది, అక్కడ ఏమీ తగలక వెనక్కి వస్తోంది.

"లోపలికి రండి మామయ్యగారూ."

"కరెంటు తగ్గిందా?"

"కరెంటు మీలో లేదు. అంతా ఆ అయస్కాంతం వల్ల. అది దగ్గరికొస్తే ల్యాప్‌టాప్ తన మూత తెరిచారనుకుంటోందట."

"అది రోజూ నా గుండెల మీదే ఉందిగా?"

"ఉంది."

"నువ్వు కళ్ళజోళ్ళు అమ్ముతావుగా?"

"అమ్ముతాను."

"ఒకటి నువ్వు కూడా కొనుక్కో అల్లుడూ" అని లేచారు.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఖాళీ మెడని ఒకసారి తడుముకుని లోపలికి వచ్చారు. తెర ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి వంగారు. మా ఊపిర్లు కూడా బిగుసుకున్నాయి. చెయ్యి పరిచి తెరకి ఆనించారు. కోటు కదల్లేదు. జాన పెట్టారు, దాని పక్కన రెండు బొటనవేళ్ళు. ఆయన మొహంలో మూడు రోజుల ముడతలు విడిపోయాయి. మరు క్షణం కొత్తవి పడ్డాయి.

"ఛాతీకెందుకు పెంచావే?"

"చంక పక్కన వదులు పెంచమన్నావుగా నాన్నా!"

"చంకకి రెండు పక్కలుంటాయి తల్లీ! ముందు పక్క కాదు, వెనక పక్క. బస్సు నడిపేవాడు పొద్దస్తమానం ఎవర్నో కౌగిలించుకోబోతున్నట్టు కూర్చుంటాడు. వాడికి కావాల్సింది వీపులో చోటు. ఛాతీలో పెంచింది తీసెయ్యి. ఇదిగో, ఇక్కడ అంగుళమున్నర. చెయ్యి అతికే చోట గుర్తుకి పెట్టిన గాటు అర అంగుళం ముందుకి జరుపు. ఇంకొంచెం. ఆఁ, ఆగు!"

ఆయన వేలు ఎక్కడుంటే మా ఆవిడ గీత అక్కడికి వచ్చింది. సుద్దముక్క పట్టీ పట్టీ తెల్లబడ్డ వేళ్ళు, తెర నిండా తెల్లటి ముద్రలు. నాకు అప్పగించిన పని ఒక్కటే, ఛార్జరు ప్లగ్గు దగ్గర నిలబడి ఎవర్నీ దగ్గరికి రానివ్వకపోవడం. ఎవర్నీ అంటే నన్నే. అయస్కాంతాన్ని నా వెనక దాచుకుని గోడకి అతుక్కుని నిలబడ్డాను.

మూడూ యాభై ఆరుకి మా ఆవిడ మీట నొక్కింది. 'పంపబడింది' అని తెర మీద కనిపించే దాకా ముగ్గురం తెరకేసే చూశాం. కనిపించాక ఆవిడ తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఆ వేళ్ళకున్న సుద్ద తన కొంగుతో తుడిచింది. ఆయన "తుడవకే, మళ్ళీ అంటుకునేదేగా" అన్నారు.

సోమవారం కంపెనీవాళ్ళు ఆ నమూనాతో కోటు కుట్టి తెమ్మన్నారు. బస్సు కంపెనీలో అందరికంటే లావుపాటి డ్రైవరు దాన్ని తొడుక్కుని, బస్సెక్కి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. కోటు కిక్కురుమనలేదు. దిగి వచ్చి "ఇది విప్పాలా అండీ?" అని అడిగాడట. మేనేజరు ఇంకో మాట అడగలేదు, పని మా ఆవిడకే ఇచ్చారు.

కుట్టుగది గుమ్మానికి ఇప్పుడు ఒక మేకు కొట్టాను. మామగారు లోపలికి వచ్చేముందు అయస్కాంతం తీసి దానికి తగిలిస్తారు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా, లోపలికొచ్చిన మనిషి బయటికి వెళ్ళరు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా తెర ముందే. నేను దుకాణం లెక్కలు రాసుకుందామని కూర్చుంటే, నా అంకెల మీద జాన పెట్టి కొలిచి "ఈ వరస కాస్త పొట్టిగా ఉంది అల్లుడూ" అంటారు. నా మానిటరు మీద ఆయనే మానిటరు.

నిన్న ఓపిక నశించి, మేకుకున్న అయస్కాంతం వంక చూస్తూ మా ఆవిడ చెవిలో అన్నాను:

"ఒక్క గంటసేపు అది మళ్ళీ ఆయన మెడలో వేసేద్దామా?"

"వేసెయ్యండి" అంది ఆవిడ, కుట్టు ఆపకుండా. "వరండాలో స్టూలు ఖాళీగానే ఉంది. మీరెళ్ళి కూర్చోవచ్చు."